గ్లాసుల్లో మిగిలినది

ఫ్రిస్కోలో మా ఇంటి ప్యాంట్రీలో, ఆవకాయ జాడీకీ ఇడ్లీరవ్వ డబ్బాకీ మధ్య, మూతికి పల్చటి గుడ్డ కట్టిన పెద్ద గాజు సీసా ఒకటి ఉంటుంది. తలుపు తీయగానే గుప్పున పుల్లటి వాసన కొడుతుంది. కొత్తగా వచ్చిన ఆంటీలు ఏదో పాడైపోయిందనుకుని ముక్కు చిట్లిస్తారు. "అది అంతేలెండి, అలాగే ఉంటుంది" అంటుంది మా అమ్మ, ఇంట్లో ఉన్న ముసలాయన దగ్గు గురించి చెప్పినట్టు.

ఆ వాసన తగిలినప్పుడల్లా నాకొక ఊరు గుర్తొస్తుంది. ఆ ఊళ్ళో నిజంగా ఉన్నానా, కలగన్నానా అని ఒక్కోసారి నాకే అనుమానం. కాలేజీ మూడో ఏడాదిలో ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌గా ఒక సెమిస్టర్ ఫ్రాన్స్‌లో చదివాను. చెప్పుకోదగ్గ పెద్ద ఊరేం కాదు. "ఫ్రాన్స్ వెళ్ళావటగా, ఆ టవర్ చూశావా?" అని అడిగిన అంకుల్స్ అందరికీ లేదనే చెప్పాను. పాపం, ఇంత ఖర్చుపెట్టి వెళ్ళి అదీ చూడలేదా అన్నట్టు నావంక జాలిగా చూసేవారు. మళ్ళీ ఎవరైనా అడిగితే చూశానని చెప్పేద్దామని కూడా అనుకున్నాను, ఆ జాలి భరించలేక.

ఆ ఊరికి ఒక నది, దాని మీద ఒక రాతి వంతెన, నిటారుగా కొండెక్కే సన్నటి వీధులు. పొద్దున్నే నది మీంచి మంచు లేచి ఇళ్ళలోకి వచ్చేది. కాలేజీకి నడుస్తుంటే వంతెన సగం దాకానే కనపడేది, మిగతా సగం ఉందని నమ్మి అడుగు వెయ్యాలి. చర్చి గంటలు ఎక్కడ మోగుతున్నాయో తెలిసేది కాదు. బేకరీ ముందు మాత్రం వెచ్చగా ఉండేది, అక్కడ ఊరికే నిలబడేదాన్ని. తొమ్మిదేళ్ళప్పుడు టెక్సస్ వచ్చినదాన్ని. మా ఫ్రిస్కోలో పాల డబ్బా కావాలన్నా కారు తీయాలి. కాళ్ళతో ఒక చోటికి చేరుకోవచ్చన్న సంగతి నాకు ఆ ఊళ్ళోనే మళ్ళీ గుర్తొచ్చింది. పనేమీ లేకపోయినా నడిచేదాన్ని. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ లేను.

కాలేజీ వాళ్ళు నన్ను ఒక పెద్దావిడ ఇంట్లో ఉంచారు. జీవితమంతా బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. నా ఫ్రెంచి వింటుంటే తప్పు లెక్క చూస్తున్నట్టు కనుబొమలు పైకి లేచేవి. కానీ రాత్రిళ్ళు చలిగా ఉంటుందని నా పక్కలో వేడినీళ్ళ సంచి పెట్టి, పెట్టినట్టు ఎప్పుడూ చెప్పేది కాదు. రెండో వారానికల్లా ఆవిడంటే నాకు భయం పోయింది, ఇష్టం మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇంట్లో భోజనం సాయంత్రం దాకా సాగేది. ఇరుగుపొరుగు వాళ్ళు, భర్త పాత స్నేహితులు వచ్చేవారు. అప్పుడప్పుడూ ఆవిడ కూతురు కూడా వచ్చేది. ఒక్కతే కూతురు, మూడు గంటల డ్రైవ్ దూరంలో పెద్ద ఊళ్ళో ఉద్యోగం. ఎవరైనా వైన్ పోయబోతే గ్లాసు మీద అరచెయ్యి అడ్డంపెట్టేది. "డ్రైవ్ చెయ్యాలి" అనేది. తీపి వడ్డించేలోపే కోటు తొడుక్కునేది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, కారు మలుపు తిరిగేవరకూ నిలబడి, వచ్చి మళ్ళీ ఏమీ జరగనట్టు కూర్చునేది.

వంటగది కిటికీ దగ్గర ఒక మట్టి కుండ ఉండేది. అడుగున చిన్న చెక్క కుళాయి. సలాడ్‌లోకి వెనిగర్ అందులోంచే పట్టేది. ఆ వెనిగర్ నాకెంత నచ్చిందంటే, ఒట్టి ఆకులు తినడం పశువుల పని అని నమ్మే ఇంట్లోంచి వచ్చిన నేను రెండోసారి అడిగి వేయించుకునేదాన్ని. ఒక ఆదివారం అందరూ వెళ్ళాక గిన్నెలు తీయడానికి సాయం పట్టాను. ఆవిడ ఒక్కో గ్లాసూ తీసి, అడుగున మిగిలిన వైన్‌ని చుక్క పోకుండా ఆ కుండలో పోస్తోంది. ఈయనది, ఆవిడది, పక్కింటాయనది, అందరిదీ.

ఎంగిలి! ఇన్ని వారాలుగా నేను లొట్టలేసుకుంటూ తింటున్నది ఊరందరి ఎంగిలి.

ఆ తర్వాత సలాడ్ మీద ఉప్పూ నిమ్మరసం చల్లుకుని తినడం మొదలుపెట్టాను. కడుపులో బాగాలేదని చెప్పాను. మర్నాటి నుంచి నా పళ్ళెం పక్కన కోసిన నిమ్మచెక్క ఉండేది. ఆ నిమ్మచెక్క చూస్తే నాకు ప్రాణం చివుక్కుమనేది. చివరికి ఒకరోజు ఉండబట్టలేక, వచ్చిన ముక్కలన్నీ కలిపి, చేతులు తిప్పుతూ, ఎంగిలంటే ఏమిటో చెప్పాను. మురికి కాదండీ, కడిగితే పోయేది కాదు, ఒకరి నోరు తగిలితే ఇంకొకరు తినరు, అంతే.

ఆవిడ మొత్తం విని, "మీ ఇంట్లో ఎవరూ ఎవరిదీ తినరా?" అంది.

"నేను వదిలేస్తే మా అమ్మ తింటుంది. మా నాన్న కాఫీ సగం తాగి ఇస్తే మిగతాది అమ్మ తాగుతుంది."

"మరి అది?"

"వాళ్ళు మనవాళ్ళు కదా."

"సరే" అంది ఆవిడ. అని కుండ వైపు చూస్తూ, ఆ కుండ తన తల్లిదని చెప్పింది. తన పెళ్ళినాడు మిగిలినది అందులో ఉంది. కూతురు పుట్టినప్పటిది ఉంది. "నా భర్తని ఆసుపత్రికి తీసుకెళ్ళిన సాయంత్రం ఆయన గ్లాసులో సగం మిగిలింది. వచ్చి తాగుతానన్నాడు. రాలేదు. ఆ గ్లాసుని చాలా రోజులు బల్ల మీదే ఉంచాను. తాగలేను, పారబోయలేను. ఒకరోజు అందులో ఈగ పడింది. ఈగని తీసేసి, కుండలో పోశాను."

"ఇందులో అందరూ ఉన్నారు. నా కూతురే లేదు. ఈ ఇంట్లో తను ఎప్పుడూ గ్లాసు పట్టుకోదు" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఒక లెక్కకి జవాబు చెప్పినట్టు అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి భోజనంలో నిమ్మచెక్క పక్కకి జరిపి వెనిగర్ పోసుకున్నాను. ఆవిడ చూసీ చూడనట్టు తన సూప్ తాగింది.

మర్నాడు కుండ మూత తీసి చూపించింది. పైన ఎర్రగా, జారుడుగా, తాటిముంజె లాంటి పొర తేలుతోంది. అది వైన్‌ని వెనిగర్ చేస్తుందట. అప్పుడప్పుడూ కాస్త వైన్ పోస్తూ ఉంటే ఎన్ని తరాలైనా బతుకుతుందట. నాకు నవ్వొచ్చింది. నా గదిలో హీటర్ పక్కన రోజూ నేను పెట్టుకునే పెరుగు గిన్నె చూపించాను. నేను బయల్దేరేటప్పుడు అమ్మ శుభ్రమైన గుడ్డని పెరుగులో ముంచి, ఎండబెట్టి, జిప్‌లాక్‌లో పెట్టిచ్చింది. దాన్ని గోరువెచ్చని పాలల్లో నానేసి మొదటి గిన్నె తోడుపెట్టాను. అమ్మకి ఆ తోడు మేం టెక్సస్ వచ్చిన కొత్తలో పక్క అపార్ట్‌మెంట్ ఆంటీ ఇచ్చింది. ఆ ఆంటీకి ఎవరిచ్చారో మాకు తెలీదు. ఇదంతా చెబితే ఆవిడ ఒక చెంచా పెరుగు నోట్లో వేసుకుని, "అయితే నీకు తెలుసు" అంది.

డిసెంబరులో నేను వచ్చేసే ముందే ఆ ఇల్లు అమ్ముడుపోయింది. పెద్దవాళ్ళుండే ఒక చోట ఆవిడకి గది కుదిర్చింది కూతురు. భోజనం వాళ్ళే పెడతారు, వంటగది ఉండదు. అతిథులొస్తే పడుకోవడానికి వేరే గది కూడా ఉంటుందని చూపించారట. "ఎవరొస్తారు పడుకోవడానికి" అంది ఆవిడ. కుండ సంగతి అడిగితే, "అమ్మా, సూపర్‌మార్కెట్లో మంచి వెనిగర్లు దొరుకుతున్నాయిగా" అందట కూతురు. నాకు ఒళ్ళుమండింది. కానీ అది నా ఇల్లు కాదు, నా తల్లీ కాదు, నోరు మూసుకున్నాను.

ఒక సాయంత్రం ఆవిడ ఒక గాజు సీసా కడిగి తుడిచి బల్ల మీద పెట్టింది. "ఇందులో కొంత పట్టుకెళతావా? లేకపోతే తూములో పోసేస్తాను" అంది. గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం సీసాని వదల్లేదు.

పట్టుకెళతానన్నాను. ఆవిడ గరిటె ముంచబోతుంటే కిటికీ వైపు చూశాను. చలికాలం, ఐదింటికే చీకటి. వీధి దీపాలు వెలిగాయి. ఎక్కడ పడితే అక్కడ అమెరికన్‌లా మాట్లాడే నా నోట్లోంచి అచ్చం మా అమ్మ మాట ఊడిపడింది. "ఇప్పుడొద్దండీ. దీపాలు పెట్టాక మేం తోడు ఇవ్వం, పుచ్చుకోం."

"ఏమవుతుంది?"

"ఇంట్లో కళ వెళ్ళిపోతుందంటారు."

ఆవిడ చుట్టూ ఉన్న అట్టపెట్టెల వంక చూసింది. ఇంక ఈ ఇంట్లోంచి పోవడానికి ఏముంది అంటుందనుకున్నాను. గరిటె కింద పెట్టి, కుండ మీద మూత వేసింది. "అయితే పొద్దున" అంది. పొద్దున్నే, నేను లేచేసరికి, కోటు వేసుకుని సీసా పక్కన కూర్చుని ఉంది.

చెక్-ఇన్ సూట్‌కేసులో స్వెట్టర్ల మధ్య చుట్టి దాన్ని ఇంటికి చేర్చాను. అసలు సమస్య అక్కడ మొదలైంది.

"ఎవరెవరో తాగి వదిలేసిన వైనా? నా వంటింట్లోనా?" అంది అమ్మ. మా అమ్మ ఎంత పట్టింపు మనిషంటే, ఇంటికొచ్చినవాళ్ళు తాగిన గ్లాసుల్ని వేలికొసలతో పట్టుకుని సింక్ దాకా మోస్తుంది. ఆవిడ భర్త గ్లాసు సంగతి చెప్పాను. కూతురి సంగతీ చెప్పాను. "పాపం" అంది. "కానీ నా వంటింట్లో వద్దు. గ్యారేజ్‌లో పెట్టుకో."

సీసా లాన్ మోవర్ పక్కకి చేరింది. నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళిపోయాను. ప్రతి ఆదివారం పొద్దున ఆవిడకి ఫోన్ చేసేదాన్ని. ఎలా ఉన్నావనేది తర్వాత, మొదటి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. "బతికుందా?" "ఉందండీ" అనేదాన్ని. నిజానికి నాకేం తెలుసు, నేనుండేది హాస్టల్‌లో.

వేసవిలో ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇంటికొచ్చాను. బయట ఎండ పెనం మీద నించున్నట్టుంది. ఆ ఎండలో గ్యారేజ్ సంగతి అప్పటికి గానీ నాకు తట్టలేదు. పరిగెత్తి చూస్తే లాన్ మోవర్ ఉంది, సీసా లేదు.

"చెప్పా పెట్టకుండా పారేశావా? ఒక్క మాట అడగాలనిపించలేదా? నీకు ఎంగిలే ముఖ్యం, అవతల ఆ మనిషి ఏమైపోయినా పర్లేదు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ బట్టలు మడతపెట్టడం ఆపలేదు.

"ప్యాంట్రీలో చూడు" అంది.

ఆవకాయ జాడీ పక్కన, మూతికి మా నాన్న పాత పంచె ముక్క కట్టుకుని, దర్జాగా కూర్చుని ఉంది సీసా. పైన పొర అరచెయ్యి మందాన పెరిగింది.

"గ్యారేజ్‌లో చెయ్యి పెడితే కాలిపోతోందే. అందులో ఆవిడ మొగుడి గ్లాసుందన్నావుగా. ఆయన్ని వండేస్తామా?" అంది అమ్మ. "ఖాళీ అయిపోతోందని నేనే ఒక బాటిల్ కొన్నాను. చచ్చిపోతే ఆవిడకేం చెప్తావ్?"

మా అమ్మ జన్మలో మొదటిసారి వైన్ కొంది. కొన్న రోజే, సెల్ఫ్ చెకౌట్ దగ్గర, చిన్నప్పుడు నాకు శ్లోకాలు నేర్పిన బాలవిహార్ ఆంటీ వెనకాల నిలబడి ఉందట. "వంటకి, వంటకి" అందట అమ్మ, కంగారులో కరివేపాకు కట్ట బాటిల్ మీద కప్పుతూ. ఆ వారం మా నాన్నని ముగ్గురు అంకుల్స్ విడివిడిగా, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగారు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. నేను ఉద్యోగంలో చేరాను, ఫ్రిస్కోలోనే ఉంటున్నాను. ఆ ఊరు మరింత కలలా మారింది. టోల్‌వేలో ట్రాఫిక్ ఆగినప్పుడు కళ్ళ ముందు మంచు పట్టిన వంతెన వచ్చి నిలబడుతుంది. వెనక కారు హారన్ కొడితే పోతుంది. ఆవిడ గొంతు ఫోన్లో సన్నబడుతూ వచ్చింది. అక్కడి భోజనం బాగుంటుందిట, సలాడ్ మాత్రం ముట్టడం లేదట. "నీళ్ళలా ఉంటుంది" అనేది. తర్వాత్తర్వాత మిగతావీ సరిగా తినడం మానేసింది. "బతికుందా?" అని అడగడం మాత్రం మానలేదు.

మొన్న నవంబరులో ఆవిడ కూతురి నుంచి మెసేజ్ వచ్చింది. ఆఫీసు పని మీద డాలస్ వచ్చానని, ఒకసారి రావచ్చా అని. ఒక సాయంత్రం రెంటల్ కారులో వచ్చింది. జుట్టు నెరిసింది. చేతిలో చిన్న ఖాళీ సీసా. కోటు విప్పకుండానే, "అమ్మ తినడం లేదు. తన వెనిగర్ కావాలంటుంది. కొంచెం ఇస్తారా?" అంది ఇంగ్లీషులో. ఇచ్చేస్తే హోటల్‌కి వెళ్ళిపోతానంది, మర్నాడు మధ్యాహ్నం ఫ్లైట్ ఉంది. నేను ప్యాంట్రీ వైపు కదిలాను.

"అయ్యో, ఇప్పుడా?" అంది అమ్మ.

పూజ అల్మరాలో అప్పుడే దీపం వెలిగించింది. ఫెన్స్ మీద ఇంకా కొంచెం ఎండ ఉన్నట్టే అనిపించింది నాకు.

"అమ్మా, ఆవిడకి అవన్నీ ఏం తెలుస్తాయి? పాపం అంత దూరం నుంచి వచ్చింది. ఇచ్చేద్దాం" అన్నాను తెలుగులో, సిగ్గుతో చచ్చిపోతూ.

"దీపం పెట్టాక ఇంటి తోడు ఎలా ఇస్తానే? రేపు పొద్దున ఇస్తానని చెప్పు. గెస్ట్ రూమ్‌లో పక్క వేసే ఉంది. పప్పుచారు అయిపోయింది, బీన్స్ వేపుడు ఐదు నిమిషాలు."

ఇంటి తోడు. గ్యారేజ్‌లో పడేసిన ఎంగిలి సీసాని మా అమ్మ అంతమాటంది.

నేను చెప్పింది విని ఆమె వాచీ చూసుకుంది, దీపం వంక చూసింది, మా అమ్మ మొహం చూసింది. ఇది బతిమాలితే మారే మొహం కాదని ఎవరికైనా తెలుస్తుంది. కోటు విప్పింది.

ఇంట్లో ఉన్న వైన్ ఒక్కటే, సీసాకి పోయడానికి కొన్నది. అదే తీసింది అమ్మ. ఆమె అలవాటుగా అరచెయ్యి గ్లాసు మీద పెట్టబోయి, ఆగింది. డ్రైవ్ చెయ్యక్కర్లేదు. చెయ్యి తీసేసింది. పప్పుచారన్నం చెంచాతో తింటూ, వాళ్ళ నాన్న గురించి, ఆ ఇంటి మెట్లు చేసే చప్పుడు గురించి మెల్లగా మాట్లాడింది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు వాలిపోయాయి. ప్రయాణం బడలిక. క్షమించమని చెప్పి వెళ్ళి పడుకుంది. గ్లాసులో సగం వైన్ ఉండిపోయింది, అంచున లిప్‌స్టిక్ మరక.

అమ్మ బల్ల సర్దుతోంది. ఆ గ్లాసు తీసుకుంది. వేలికొసలతో కాదు, మామూలుగా, గుప్పిట్లో పట్టుకుని. సింక్ దాటి వెళ్ళింది. ప్యాంట్రీ తలుపు తీసి, పంచె ముక్క ముడి విప్పి, చుక్క మిగల్చకుండా సీసాలో పోసింది.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏం చూస్తున్నావ్? ఈవిడ ఒక్కతే లేదని ఏడ్చిందిగా ఆ తల్లి. నువ్వే చెప్పావ్" అంది. మళ్ళీ ముడి వేసి, సబ్బుతో చేతులు మాత్రం రెండుసార్లు కడుక్కుంది.

ఆ రోజు దీపం కావాలనే ముందు పెట్టిందా అని తర్వాత ఎన్నిసార్లడిగినా, నవంబరులో పొద్దు తొందరగా పోతుందిగా అంటుంది.

పొద్దున్నే స్నానం చేసి వచ్చి, పొరలో ఒక ముక్క తీసి చిన్న సీసాలో వేసి, వెనిగర్ నింపి, మూత మీద పసుపు బొట్టు పెట్టి ఇచ్చింది. నేను కారు దాకా వెళ్ళాను. రాత్రి అమ్మ చేసిన పని, అప్పట్లో వాళ్ళమ్మ నాతో అన్న మాట, రెండూ చెప్పాను. ఆమె కారు స్టార్ట్ చెయ్యబోయి ఆగింది. "ఆ ఇంట్లో ఒక్క రాత్రి ఉంటే మళ్ళీ వెళ్ళలేనని భయం వేసేది" అంది. కళ్ళు తుడుచుకుని, సీసాని స్కార్ఫ్‌లో చుట్టి పక్క సీట్లో ఉన్న సూట్‌కేసులో పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం పొద్దున ఎప్పటిలాగే ఫోన్ చేశాను. మా కిటికీలోంచి ఎండ పడుతోంది. "బతికుందా?" అని ఆవిడ ఈసారి అడగలేదు.

"సలాడ్ తిన్నారా?" అన్నాను.

"రెండుసార్లు వేయించుకున్నాను" అంది ఆవిడ. గొంతులో పాత లెక్కల టీచరు కొంచెం తిరిగొచ్చింది.

"మీ అమ్మాయి వెళ్ళిపోయారా?"

"లేదు, ఇక్కడే ఉంది. గెస్ట్ రూమ్ తీసుకుంది" అంది ఆవిడ. "ఇక్కడ చీకటి పడిపోయిందిగా. రేపు పొద్దున వెళ్తుందట."